పాత కారుకు కొత్త బ్రేకులు: ముందు డిస్కులు, ప్యాడ్లు మార్చేటప్పుడు అసలు పని ఎక్కడుంది

ముందు చక్రాలతో పాటు తిరిగే బ్రేక్ డిస్కులు, వాటిని అదిమి ఆపే ప్యాడ్లు మార్చడం కారు మరమ్మతుల్లో తేలికైన పని అన్న పేరుంది. రెండు మూడేళ్ల కారు విషయంలో ఆ మాట నిజమే. చక్రం విప్పి, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) బోల్టులు తీసి, అరిగినవి పక్కన పెట్టి కొత్తవి బిగిస్తే పని పూర్తవుతుంది. పదిహేనేళ్లు దాటిన కారుకు సరిగ్గా అలాగే చేస్తే మాత్రం, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేలోపే పెడల్ వణకడమో, ఒకవైపు చక్రం అతిగా వేడెక్కడమో, నాలుగు ప్యాడ్లలో ఒకటి మాత్రమే త్వరగా అరిగిపోవడమో తరచుగా జరుగుతుంది. అప్పుడు నింద కొత్త డిస్కు మీదికి, దాన్ని తయారు చేసినవారి మీదికి వెళుతుంది. నిజానికి లోపం ఎక్కువగా ఆ డిస్కు కూర్చున్న హబ్ (చక్రాన్ని బిగించే, తిరిగే మధ్య భాగం) మీద, ప్యాడ్లు జారే గాళ్లలో, క్యాలిపర్ కదిలే పిన్నుల దగ్గర ఉంటుంది. పాత కారులో ఈ పని కుదరడమన్నది కొత్తగా వేసిన భాగాల కంటే, మార్చకుండా ఉంచేసిన భాగాల శుభ్రత మీద, వాటి కదలిక మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఇది ఎందుకో అర్థం కావాలంటే బ్రేకు నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో ముందు చూడాలి.

బ్రేకు చేసే పని

బ్రేకు కారు వేగాన్ని వేడిగా మారుస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న 1,200 కిలోల కారులో దాదాపు 4,60,000 జౌళ్ల గతిశక్తి ఉంటుంది. 50 కిలోమీటర్ల వేగంలో అందులో నాలుగో వంతే ఉంటుంది, ఎందుకంటే ఈ శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి గట్టిగా ఆపేటప్పుడు ఈ పనిలో సుమారు 70 శాతం ముందు చక్రాలదే అవుతుంది. అంటే ఒక్కో ముందు డిస్కు కొన్ని సెకన్లలో లక్షన్నర జౌళ్లకు పైగా వేడిని మింగాలి. ఆరు కిలోల పోత ఇనుప డిస్కు అయితే ఆ ఒక్క ఆపుడుతోనే దాని ఉష్ణోగ్రత సుమారు 60 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. చల్లారే వ్యవధి లేకుండా మళ్లీ మళ్లీ ఆపవలసి వచ్చినా, పొడవైన కొండ దారిలో దిగవలసి వచ్చినా ఆ వేడి పేరుకుంటూ పోతుంది.

డిస్కు మందానికి కనీస పరిమితి ఎందుకు పెట్టారో ఈ లెక్కలోనే ఉంది. అరిగిన డిస్కు విరిగిపోతుందన్న భయం ఒక్కటే దానికి కారణం కాదు. గాలి ఆడే డిస్కు ఒకటి మొత్తం 20 మిల్లీమీటర్ల మందం ఉందనుకుంటే, మధ్యలో ఖాళీ పోగా రెండు పలకలూ ఒక్కోటి ఆరు మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే ఉంటాయి. మొత్తం మీద రెండు మిల్లీమీటర్లు అరగడమంటే వినడానికి స్వల్పంగా ఉంటుంది గానీ, ఒక్కో పలకలో ఆరో వంతు లోహం పోయినట్లే. తక్కువ లోహం అదే వేడిని తీసుకోవాలి కాబట్టి డిస్కు మరింత వేడెక్కుతుంది, ఆ వేడి ప్యాడ్ల ద్వారా పిస్టన్‌కు, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది.

డిస్కు బ్రేకు ఆలోచన చాలా పాతది. బర్మింగ్‌హామ్‌లో కార్లు తయారు చేసిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నారు. 1953లో లె మాన్ పందెంలో జాగ్వార్ సి-టైప్ కారు డిస్కు బ్రేకులతో గెలవడం, 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్‌లో ముందు చక్రాలకు వాటిని అమర్చడం వల్ల అవి సాధారణ కార్లలోకి రావడం మొదలైంది. ఆ తర్వాత వివరాలు ఎంత మారినా అమరిక సూత్రం మారలేదు.

నేటి చిన్న, మధ్యతరహా కార్లలో ఎక్కువగా కనిపించేది జారే క్యాలిపర్. దానికి పిస్టన్ ఒకటే, అది లోపలి వైపు ఉంటుంది. ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ లోపలి ప్యాడును డిస్కు మీదికి నెడుతుంది. ఆ నెట్టుడుకు ప్రతిగా క్యాలిపర్ మొత్తం రెండు గైడ్ పిన్నుల మీద వెనక్కి జరిగి, బయటి ప్యాడును అవతలి వైపు నుంచి లాగి అదుముతుంది. పిన్నులు జారకపోతే బయటి ప్యాడు తన వంతు పని చేయదు, లోపలి ప్యాడు మరింత వేగంగా అరుగుతుంది. పాత ప్యాడ్లు బయటికి తీసినప్పుడు లోపలిది వెనకున్న ఇనుప రేకు దాకా అరిగి, బయటిది సగం మిగిలి ఉంటే క్యాలిపర్ చాలాకాలంగా జారడం లేదని అర్థం. ఒకే ప్యాడు ఒక చివర పలచగా, మరో చివర మందంగా ఉంటే రెండు పిన్నుల్లో ఒకటి పట్టేసిందనో, ప్యాడు తన గాడిలో ఇరుక్కుందనో అనుమానించాలి. అందుకే పాత ప్యాడ్లను పారేసే ముందు, ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకుని నాలుగింటినీ వరసగా పేర్చి చూడటం మంచిది. ఆ కారు బ్రేకుల గురించి అంతకంటే నమ్మకమైన నివేదిక మరొకటి దొరకదు.

ప్యాడ్లు చాలా, డిస్కులు కూడానా?

ప్యాడుకు వెనక ఇనుప రేకు, దాని మీద రాపిడి పదార్థం ఉంటాయి. కొత్తదానికి ఆ పదార్థం సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. మూడు మిల్లీమీటర్లకు దిగిందంటే మార్చడానికి సమయం వచ్చినట్లే. కొన్నింటికి చిన్న ఇనుప నాలుక ఉండి, పదార్థం అరిగాక అది డిస్కును గీకుతూ కీచుమంటుంది. కొన్నింటికి వైరుతో కూడిన సెన్సర్ ఉండి డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగిస్తుంది. ఈ హెచ్చరికలు సాధారణంగా ఒక్క ప్యాడుకే ఉంటాయి కాబట్టి, పట్టేసిన పిన్ను వల్ల వేరొక ప్యాడు ముందే అరిగిపోతే అవి ఏమీ చెప్పవు.

డిస్కు విషయంలో కొలిచి తేల్చుకోవాలి. కనీస మందం డిస్కు అంచు మీదనో, మధ్య టోపీ భాగం మీదనో ముద్రించి ఉంటుంది. పాత కారులో ఆ అంకెల మీద తుప్పు పట్టి ఉంటుంది, వైర్ బ్రష్‌తో రుద్దితే బయటపడతాయి. కొలిచేటప్పుడు ఒక పొరపాటుకు చాలా అవకాశం ఉంది. ప్యాడు తగలని బయటి అంచు అరగకుండా గట్టులా నిలిచి ఉంటుంది. చదునైన దవడలున్న సాధారణ వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే ఆ గట్టు మందమే వస్తుంది, డిస్కు ఇంకా బాగున్నట్లు కనిపిస్తుంది. మైక్రోమీటర్‌తో ప్యాడు నడిచే దారి మధ్యలో, చుట్టూ ఆరేడు చోట్ల కొలవాలి. లోపలి ముఖాన్ని విడిగా చూడాలి. చక్రం కమ్మీల సందుల్లోంచి మనకు కనిపించేది బయటి ముఖం మాత్రమే, చెడిపోయేది చాలాసార్లు లోపలిది. తక్కువగా తిరిగే పాత కార్లలో లోపలి ముఖాన తుప్పు అంచు నుంచి మధ్యకు పాకి, ప్యాడు తగిలే వెడల్పు సగానికి సగం తగ్గిపోయి ఉండటం సామాన్యం.

కొలత కనీస పరిమితికి కాస్త పైనే ఉంటే ప్యాడ్లు మాత్రం మార్చి సరిపెట్టవచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. పరిమితి అంటే కొత్త ప్యాడ్లు వేయడానికి పనికొచ్చే మందం కాదు, అంతకు కిందికి దిగితే వాడకూడని మందం. కొత్త ప్యాడ్లు అరిగేలోపు డిస్కు కూడా అరుగుతుంది కాబట్టి, అరగడానికి అనుమతించిన మందంలో సగానికి పైగా ఇప్పటికే పోయి ఉంటే రెండూ కలిపి మార్చడమే తెలివైన పని అని నా అభిప్రాయం. లోతైన గాళ్లు, అంచు నుంచి మొదలైన పగుళ్లు, నీలం రంగుకు తిరిగిన మచ్చలు ఉంటే కొలతతో సంబంధం లేకుండా మార్చాలి. పాత డిస్కును లేత్ మీద తిప్పించి నునుపు చేయించడం ఒకప్పుడు పరిపాటి. నేటి డిస్కులకు అరగడానికి ఉన్న అవకాశమే రెండు మిల్లీమీటర్ల లోపు కావడంతో అందులో పెద్దగా లాభం లేదు. ఏది మార్చినా ఒకే ఇరుసుకు రెండు వైపులా మార్చాలి. ఒకవైపు కొత్తది, మరోవైపు పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది.

సామాను కొనేటప్పుడు మోడలు పేరు, సంవత్సరం చెబితే చాలదు. ఒకే ఏడాది వచ్చిన ఒకే మోడలుకు ఇంజను సైజును బట్టి, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉందో లేదో చూసి రెండు మూడు కొలతల డిస్కులు వాడిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఛాసిస్ నంబరుతో వెతికించడం, పాత డిస్కు వ్యాసం, మందం, టోపీ ఎత్తు, నడిమి రంధ్రం కొలిచి కొత్తదానితో పోల్చడం తప్పనిసరి. పాత కారు ఇన్నేళ్లలో ఎవరెవరి చేతులు మారిందో, ఏ భాగం ఎక్కడి నుంచి తెచ్చి వేశారో పత్రాల్లో ఉండదు.

పెడల్ ఎందుకు వణుకుతుంది?

బ్రేకు వేసినప్పుడు స్టీరింగు, పెడల్ వణికితే "డిస్కు వంకర పోయింది" అంటారు. వేడికి ఇనుము వంగిపోయిందన్నది ఆ మాటకు అర్థం. మామూలు రోడ్డు వాడకంలో అలా జరగడం అరుదు. సాధారణంగా జరిగేది వేరు, అది నెమ్మదిగా జరుగుతుంది.

డిస్కు తిరిగేటప్పుడు కొద్దిగా పక్కలకు ఊగుతుందనుకోండి. ఊగినంత మాత్రాన వెంటనే వణుకు రాదు, ఎందుకంటే జారే క్యాలిపర్ ఆ ఊపుతో పాటు అటూ ఇటూ జరుగుతూ పోతుంది. అయితే బ్రేకు వదిలి ప్రయాణిస్తున్నప్పుడు కూడా, ఊగే డిస్కులో బయటికి వచ్చిన చోటు ప్రతి చుట్టుకూ ఒకసారి ప్యాడును తాకి వెళుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు పదిహేను చుట్లు తిరుగుతుంది. వేల కిలోమీటర్ల పాటు అలా తాకీ తాకీ ఆ చోటు మాత్రం పలచబడుతుంది. ఇప్పుడు డిస్కు మందంలోనే చుట్టూ తేడా వచ్చింది. బ్రేకు వేసినప్పుడు మందంగా ఉన్న చోటు పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది, పలచని చోటు దాన్ని ముందుకు రానిస్తుంది. ఆ తోపులాట ఆయిల్ గుండా పాదానికి చేరుతుంది. మందంలో మిల్లీమీటరులో వందో వంతుకు ఒకటిన్నర, రెండు రెట్ల తేడా, అంటే 0.015 నుంచి 0.02 మిల్లీమీటర్లు, ఉన్నా మనిషికి వణుకు తెలుస్తుంది. కొత్త డిస్కులు మొదట్లో నున్నగా పనిచేసి, కొన్ని నెలల తర్వాత వణకడానికి కారణం ఇదే. లోపం బిగించిన రోజునే లోపలికి చేరింది, బయటపడటానికి అంత దూరం పట్టింది.

ఇక ఆ మొదటి ఊపు ఎక్కడి నుంచి వచ్చింది? చాలా కార్లలో అనుమతించిన ఊపు 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు లోపే. హబ్ ముఖం మీద అతుక్కున్న ఒక్క తుప్పు పొలుసు మందం అంతకంటే ఎక్కువ ఉంటుంది. పైగా హబ్ అంచు దగ్గర ఉన్న తేడా డిస్కు అంచుకు చేరేసరికి, అది మధ్య నుంచి దాదాపు రెట్టింపు దూరంలో ఉంటుంది కాబట్టి, దాదాపు రెట్టింపవుతుంది. ఎంత ఖరీదైన డిస్కు తెచ్చినా, తుప్పు మీద కూర్చోబెడితే అది ఒరిగే కూర్చుంటుంది.

వణుకుకు మరో కారణం కూడా ఉంది. డిస్కు బాగా వేడెక్కి ఉన్నప్పుడు కారు పూర్తిగా ఆపి పెడల్ అదిమి పట్టుకుంటే, ప్యాడు పదార్థం ఆ ఒక్కచోట డిస్కుకు అంటుకుపోయి మచ్చలా మిగులుతుంది. ఆ మచ్చ దగ్గర రాపిడి వేరుగా ఉంటుంది, అది కూడా వణుకుగానే తెలుస్తుంది.

విప్పడం

ముందు భద్రత సంగతి. చక్రాల బోల్టులను కారు నేల మీద ఉన్నప్పుడే కొద్దిగా వదులు చేసి, ఆ తర్వాత జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాని మీద ఉన్న కారు దగ్గర చక్రం విప్పి పని చేయకూడదు. ముందు చక్రాలతో నడిచే కారులో చాలామంది గమనించని విషయం ఒకటుంది: ముందు చక్రాలు గాలిలోకి లేచాక గేరులో పెట్టినా ప్రయోజనం లేదు, గేరు పట్టుకునేది ఆ చక్రాలనే కదా. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలను పడుతుంది కాబట్టి అది వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డు దిమ్మెలు పెట్టాలి. సాబ్ 99, సిట్రోయెన్ బీఎక్స్ వంటి కొన్ని పాత కార్లలో హ్యాండ్ బ్రేకు కూడా ముందు చక్రాలకే ఉంటుంది. వాటిలో ఆ దిమ్మెలు తప్ప కారును ఆపేది మరొకటి లేదు.

బ్రేకుల దగ్గర పేరుకున్న ధూళిని నోటితో గానీ, కంప్రెసర్ గాలితో గానీ ఊదకూడదు. ఇరవయ్యో శతాబ్దంలో ప్యాడ్లలో ఆస్బెస్టాస్ విరివిగా వాడారు, పాత కారులో ఏముందో చూసి చెప్పలేం. ఆస్బెస్టాస్ లేని ధూళి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవాలి. రెండు వైపులూ ఒకేసారి విప్పకుండా, ఒకవైపు పూర్తి చేశాకే మరోవైపు మొదలుపెడితే, స్ప్రింగు ఏ వైపు ఉందో, క్లిప్పు ఎలా కూర్చుందో సందేహం వచ్చినప్పుడు చూసుకోవడానికి విప్పని వైపు సిద్ధంగా ఉంటుంది.

క్యాలిపర్ తీశాక దాన్ని రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకూడదు. ఒక తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టాలి. ఆ గొట్టాన్ని వంచి పగుళ్లు చూడటానికి ఇదే అదను. పాత గొట్టం లోపలి పొర ఉబ్బిపోతే, పెడల్ బలానికి ఆయిల్ లోపలికి వెళుతుంది గానీ, వదిలాక తిరిగి రాదు. చక్రం బ్రేకు పట్టినట్లే ఉండి వేడెక్కుతుంది. దాన్ని క్యాలిపర్ పట్టేసిందని పొరబడి, క్యాలిపర్ మార్చినా బాగుపడక తలపట్టుకున్నవారు ఎందరో ఉన్నారు.

డిస్కును హబ్‌కు పట్టి ఉంచే చిన్న స్క్రూ పాత కార్లలో ఇబ్బంది పెడుతుంది. మామూలు స్క్రూ డ్రైవర్‌తో తిప్పితే దాని తల గాడి చెడిపోతుంది. తుప్పు వదిలించే ఆయిల్ ముందు రోజే పోసి, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ వాడితే చాలావరకు వస్తుంది. రాకపోతే తల వరకు డ్రిల్లు చేయాలి. డిస్కును నిజంగా బిగించి ఉంచేవి చక్రం బోల్టులే. ఈ స్క్రూ కేవలం చక్రం లేనప్పుడు డిస్కు జారిపోకుండా చూస్తుంది. అందువల్ల అది విరిగినా ప్రమాదం లేదు, కాకపోతే కొత్తది వేయడం పద్ధతి. స్క్రూ వచ్చాక కూడా డిస్కు హబ్‌కు అతుక్కునే ఉండవచ్చు. కొన్ని డిస్కులకు టోపీ భాగంలో మరలున్న రెండు రంధ్రాలు ఉంటాయి, వాటిలో బోల్టులు సమానంగా బిగిస్తూ పోతే డిస్కు దానంతటదే బయటికి వస్తుంది. అవి లేకపోతే సుత్తితో చుట్టూ తిప్పుతూ కొట్టాలి. ఆ దెబ్బలు హబ్ బేరింగుకు తగులుతాయి కాబట్టి ఒకేచోట బలంగా బాదడం కంటే ఆయిల్‌కు సమయం ఇవ్వడం మేలు. కొన్ని పాత నమూనాల్లో డిస్కు హబ్ వెనక బిగించి ఉంటుంది, లేదా హబ్‌తో కలిసే ఉంటుంది. అక్కడ బేరింగు విప్పనిదే డిస్కు రాదు. ఆ రకమని తెలిస్తే పని మొదలుపెట్టక ముందే బేరింగు, సీలు దగ్గర ఉంచుకోవాలి.

శుభ్రం చేయడం

ఎక్కువ సమయం కేటాయించవలసింది ఇక్కడే. డిస్కు తీశాక కనిపించే హబ్ ముఖం గోధుమ రంగు పొలుసులతో నిండి ఉంటుంది. వైర్ బ్రష్ పెట్టి రుద్దితే పైపొర పొడిగా రాలి, కింద నల్లటి గట్టి పొర మిగులుతుంది. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. ఆ నల్ల పొర కూడా తుప్పే. వేలిగోరు అడ్డంగా నడిపితే దాని అంచులు తగులుతాయి. ఎమరీ కాగితంతో, అవసరమైతే ఆకురాయిని చదునుగా ఆనించి, లోహపు మెరుపు కనిపించేదాకా తీయాలి. బోల్టు రంధ్రాల చుట్టూ, నడిమి గట్టు మొదట్లో ఉన్న మూలన తుప్పు మొండిగా దాక్కుంటుంది. డిస్కు ఒరగడానికి అవి చాలు. డయల్ గేజీ ఉంటే కొత్త డిస్కును రెండు మూడు బోల్టులతో బిగించి ఊపు కొలవవచ్చు. పరిమితి దాటితే డిస్కును ఒక రంధ్రం పక్కకు తిప్పి వేసి మళ్లీ కొలవాలి. చాలాసార్లు ఆ మార్పుతోనే సరిపోతుంది.

తర్వాత క్యాలిపర్‌ను మోసే బ్రాకెట్. ప్యాడ్ల చెవులు జారే గాళ్లలో స్టీలు క్లిప్పులు ఉంటాయి. వాటి కింద తుప్పు పెరిగి క్లిప్పును పైకి లేపుతుంది, గాడి ఇరుకవుతుంది. కొత్త ప్యాడు అందులోకి వెళ్లకపోతే ప్యాడు చెవులను ఆకురాయితో అరగదీసేవారున్నారు. అరగదీయవలసింది బ్రాకెట్ మీద తుప్పును. క్లిప్పులు తీసి కింద లోహం కనిపించేదాకా గీకి, కొత్త క్లిప్పులు వేస్తే ప్యాడు వేళ్లతో నెట్టినా కదులుతుంది. సుత్తితో కొట్టి ఎక్కించిన ప్యాడు బ్రేకు వదిలాక వెనక్కి రాదు.

గైడ్ పిన్నులను బయటికి లాగి పాత గ్రీజు పూర్తిగా తుడవాలి. మంచి పిన్ను వేలితో నెడితే నున్నగా లోపలికి వెళ్లి, వదిలితే లోపలి గాలికి కొద్దిగా వెనక్కి వస్తుంది. మీద గుంటలు పడితే మార్చడమే. రెండు పిన్నుల్లో ఒకదానికి చివర రబ్బరు తొడుగు ఉండవచ్చు, అప్పుడు ఏది పైది, ఏది కిందిది అన్నది ముఖ్యం. ఇక్కడ వాడే గ్రీజు రబ్బరుకు పడేదై ఉండాలి. మామూలు పెట్రోలియం గ్రీజు పూస్తే తొడుగులు ఉబ్బి, పిన్ను మునుపటి కంటే గట్టిగా పట్టేస్తుంది. బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే చాలు.

పిస్టన్, ఆయిల్

కొత్త ప్యాడ్లు మందం కాబట్టి, ఏళ్లుగా బయటికి వచ్చి ఉన్న పిస్టన్‌ను వెనక్కి నెట్టాలి. నెట్టే ముందు దాని డస్ట్ బూటు (దుమ్ము, తడి చేరకుండా చూసే రబ్బరు తొడుగు) అంచు మెల్లగా మడిచి చూడాలి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు వచ్చి, దాని గోడ చాలాకాలం సీలుకు బయట ఉండిపోతుంది. బూటు చిరిగితే తడి చేరి అక్కడ తుప్పు పడుతుంది. ఆ తుప్పు భాగాన్ని సీలు గుండా లోపలికి నెడితే సీలు తెగి ఆయిల్ కారుతుంది. పిస్టన్ మీద గుంటలు కనిపిస్తే క్యాలిపర్‌కు సీళ్లు, పిస్టన్ మార్చాలి, లేదా క్యాలిపరే మార్చాలి. అక్కడ పొదుపు చేయకూడదు.

నెట్టేటప్పుడు ఆయిల్ వెనక్కి వెళ్లి పైన డబ్బాలో మట్టం పెరుగుతుంది. ప్యాడ్లు అరిగిన కారులో మట్టం తగ్గిందని ఎవరైనా మధ్యలో నింపి ఉంటే ఇప్పుడది పొంగుతుంది, పొంగిన ఆయిల్ రంగును తినేస్తుంది. ముందే కొంత తీసేయడం మంచిది. క్యాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి తీయడానికి ఉన్న బ్లీడ్ నిపుల్ వదులు చేసి, గొట్టం పెట్టి, మురికి ఆయిల్‌ను బయటికే పోనిస్తూ నెట్టడం మరో పద్ధతి. ఏబీఎస్ యూనిట్‌లోకి మడ్డి వెళ్లకుండా ఉంటుంది. నిపుల్ తేలికగా తిరిగితే నేను ఈ పద్ధతినే సమర్థిస్తాను. అది తుప్పు పట్టి మొండికేస్తే బలవంతం చేయకూడదు, విరిగితే క్యాలిపర్ పోతుంది. అలాంటప్పుడు డబ్బా మూత తీసి, నెమ్మదిగా నెట్టడమే దారి.

ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఇప్పుడే మార్చాలి. గ్లైకాల్ రకపు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకుండా ఉండాలన్నది ప్రమాణం. తేమ చేరాక ఆ ప్రమాణం 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నలుగుతుంది కాబట్టి పెడల్ నేల దాకా వెళుతుంది గానీ బ్రేకు పట్టదు. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను మిగతా వాటితో కలపకూడదు, డాట్ 5.1 మాత్రం పేరు దగ్గరగా ఉన్నా గ్లైకాల్ రకమే.

బిగించడం, అలవాటు చేయడం

కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటే బ్రేక్ క్లీనర్‌తో రెండు ముఖాలూ తుడవాలి. పూత పూసి వచ్చిన డిస్కులకు ఆ అవసరం ఉండదు. లోపలి రెక్కలు వంపు తిరిగి ఉన్న డిస్కులకు ఎడమ, కుడి వేరుగా ఉంటాయి. హెచ్చరిక నాలుక ఉన్న ప్యాడు ఏ వైపుకు చెందుతుందో పెట్టె మీద సూచన చూసి వేయాలి. బిగింపుల బలాలు ఆ కారు మాన్యువల్‌లో ఉన్నవే ప్రమాణం. చిన్న కార్లలో గైడ్ పిన్ను బోల్టులు 25 నుంచి 35 న్యూటన్ మీటర్లు, బ్రాకెట్ బోల్టులు 100 దరిదాపుల్లో, చక్రం బోల్టులు 90 నుంచి 120 మధ్య ఉండటం మామూలు. పిన్ను బోల్టుకు బ్రాకెట్ బోల్టు బలం పెడితే అది తెగుతుంది, కాబట్టి అంచనా మీద కాకుండా, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. చక్రం బోల్టులను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించకపోతే డిస్కు మళ్లీ ఒరిగే ప్రమాదం ఉంది.

కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా మళ్లీ మళ్లీ తొక్కడం అన్నింటికంటే ముఖ్యం. వెనక్కి నెట్టిన పిస్టన్‌కు, కొత్త ప్యాడుకు మధ్య ఖాళీ ఉంటుంది, మొదటి ఒకటి రెండు తొక్కుళ్లకు పెడల్ నేల దాకా వెళుతుంది, బ్రేకు ఉండదు. క్యాలిపర్ లోపల ఉన్న చతురస్రపు కోత రబ్బరు సీలు పిస్టన్‌తో పాటు మెలిపడి, ఒత్తిడి తగ్గగానే దాన్ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. పిస్టన్ ఒకసారి ప్యాడును చేరాక ఆ కొద్దిపాటి ఎడాన్ని ఎప్పటికప్పుడు అదే సరిచూసుకుంటుంది. చేరేదాకా తొక్కే బాధ్యత మాత్రం మనదే. ఆ తర్వాత ఆయిల్ మట్టం సరిచూసి మూత బిగించాలి.

కొత్త ప్యాడు, కొత్త డిస్కు ముఖాలు ఒకదానికొకటి అమరడానికి, ప్యాడు పదార్థం పలుచని సమానమైన పొరగా డిస్కు మీదికి చేరడానికి కొంత సమయం పడుతుంది. ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల నుంచి 15 వరకు, పూర్తిగా ఆపకుండా, మధ్యస్థమైన ఒత్తిడితో పది సార్లు వేగం తగ్గించి, ప్రతిసారి మధ్య చల్లారనివ్వడం సాధారణంగా సరిపోయే పద్ధతి. ప్యాడ్ల తయారీదారు వేరే పద్ధతి చెబితే దాన్నే పాటించాలి. తర్వాతి రెండు మూడు వందల కిలోమీటర్లు అవసరం లేని గట్టి బ్రేకులు వేయకుండా ఉంటే మంచిది. మొదట్లో బ్రేకు కొంచెం నెమ్మదిగా పట్టడం, కాస్త వాసన రావడం సహజం. పెడల్ మెత్తగా ఉండటం సహజం కాదు, అది లోపల గాలి చేరిందనడానికి సూచన. అలా ఉంటే కారును రోడ్డు మీదికి తీసుకెళ్లకుండా గాలి తీయించాలి.

యాభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగాక చక్రం బోల్టులను టార్క్ రెంచ్‌తో మరోసారి సరిచూడాలి. బ్రేకు పెద్దగా వాడని ఒక ప్రయాణం ముగిశాక, చేత్తో ముట్టుకోకుండా, రెండు ముందు చక్రాల దగ్గర అరచేయి కాస్త దూరంగా పెట్టి వేడి పోల్చాలి. రెండూ ఇంచుమించు సమానంగా ఉంటే పిన్నులు, పిస్టన్లు, గొట్టాలు సరిగా పనిచేస్తున్నట్లే. ఒకటి స్పష్టంగా ఎక్కువ వేడిగా ఉంటే ఆ వైపు చక్రం మళ్లీ లేపి చేత్తో తిప్పి చూడాలి; గట్టిగా తిరిగితే ఆ వైపు బ్లీడ్ నిపుల్‌ను కొద్దిగా వదులు చేయాలి. వెంటనే చక్రం తేలికపడితే ఒత్తిడి లోపలే నిలిచిపోతోందని, గొట్టం మార్చాలని తెలుస్తుంది. తేలికపడకపోతే లోపం పిన్నుల్లోనో, పిస్టన్‌లోనో, ప్యాడు గాడిలోనో ఉంటుంది.